నీళ్లు దిగిపోయాక

(తాపీ తీరాన తెలుగువాళ్లు – 17వ భాగం)

1994లో సూరత్‌కు మూడు నెలల తేడాతో రెండు ఆపదలు వచ్చాయి. రెండోది ప్లేగు. దాని సంగతి గత వారం చెప్పుకున్నాం. సెప్టెంబరులో వేడ్ రోడ్డు వైపు మొదలైన భయం లక్షల మందిని రైల్వే స్టేషన్లకు తరిమింది. నల్లగొండ, వరంగల్, కరీంనగర్ జిల్లాల నుంచి వచ్చిన మన మరమగ్గాల కార్మికులు కూడా నడుస్తున్న మగ్గాలు నడుస్తుండగానే వదిలి బండెక్కారు. మరి మొదటి ఆపద ఏమిటి? డిండోలి, లింబాయత్ ప్రాంతాల్లో ముప్ఫై నలభై ఏళ్లుగా ఉంటున్న పెద్దవాళ్లను అడిగితే మాట ఇలా సాగుతుంది.

"కాకా, ప్లేగు కంటే ముందు, ఆ యేడే వానకాలం మొదట్ల, కాక్రాపార్ అణు కరెంటు కాడికి వరద నీళ్లొచ్చినయట. ఎరికేనా?"

"ఎక్కడిదిరా బిడ్డా ఆ ముచ్చట? మాకు ప్లేగే యాదికున్నది. సామాన్లన్ని మగ్గాల షెడ్లనే ఇడిసి పోతిమి."

ఆయన తప్పేం లేదు. ఆ వరద గురించి ఆయనకు చెప్పవలసినవాళ్లు చెప్పలేదు. చెప్పినవాడొకడు ఉన్నాడు. అతని గతి ఏమైందన్నదే ఈ వారం కథలో పెద్ద భాగం.

ముందు చోటు సంగతి. ఉధనా జంక్షన్ దగ్గర ముంబై లైను నుంచి విడిపోయి తూర్పుకు తిరిగే తాప్తీ వ్యాలీ లైను డిండోలిని ఒరుసుకుంటూ పోతుంది. చల్‌థాన్, బార్దోలి, మఢీ దాటాక వ్యారా. అక్కడి నుంచి సోన్‌గఢ్, నందుర్బార్, జల్గావ్, భూసావల్. అహ్మదాబాద్ నుంచి చెన్నై వెళ్లే నవజీవన్ ఎక్స్‌ప్రెస్ దారి ఇదే. సూరత్ తెలుగువాళ్లకు అది ఊరి బండి. వరంగల్‌లో దిగాలన్నా విజయవాడలో దిగాలన్నా దాన్నే ఎక్కుతారు. పెళ్లికీ చావుకీ బతుకమ్మకీ ఊరికి పోయిన ప్రతిసారీ వాళ్లు వ్యారా మీదుగా పోయినవాళ్లే. వ్యారాకు ఉత్తరాన, నేరుగా గీత గీస్తే 15 కిలోమీటర్ల లోపే, అణుమాల ఊరి పక్కన కాక్రాపార్ అణు విద్యుత్ కేంద్రం ఉంది. డిండోలి నుంచి కొలిస్తే సుమారు 50 కిలోమీటర్లు. రోడ్డు మీద ఇంకా ఎక్కువ. ఇప్పుడది తాపీ జిల్లా. కానీ ఆ జిల్లా 2007లో పుట్టింది. 1994లో అదంతా సూరత్ జిల్లాయే.

అక్కడ మొదట కట్టినవి 220 మెగావాట్ల రియాక్టర్లు రెండు. ఒకటో యూనిట్ 1993 మే నెలలో వాణిజ్య ఉత్పత్తి మొదలుపెట్టింది. రెండోది 1995 సెప్టెంబరులో. అంటే వరద వచ్చేనాటికి ఒకటో దానికి ఏడాది వయసు, రెండోది ఇంకా పూర్తి కాలేదు. రెండింటిలోనూ ఇంధనం సహజ యురేనియం, వేడిని మోసుకుపోయేది భారజలం. ఇంధన కట్టలు, వాటిని ఉంచే గొట్టాలు హైదరాబాద్‌లో, మౌలాలి వైపు ఉన్న న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో తయారవుతాయి. భారజలం మన మణుగూరులో గోదావరి ఒడ్డున తీస్తారు, సూరత్ పక్కనే హజీరాలోనూ తీస్తారు. తెలంగాణ నుంచి సూరత్‌కు మగ్గం మీద కూర్చునే మనిషి ఒక్కడే రాలేదన్నమాట.

1994 జూన్ 15 రాత్రి దక్షిణ గుజరాత్‌లో కుండపోత వాన. కేంద్రం పక్కనే మోటిచేర్ చెరువు ఉంది. చెరువు నిండింది. మిగులు నీటిని వదలడానికి పెట్టిన గేట్లు అవసరమైనప్పుడు తెరుచుకోలేదు. నీరు వెనక్కి తన్ని ప్లాంటు ఆవరణలోకి వచ్చింది. కేబుళ్లు వేసే కాలవలు, వాల్వుల గుంటలు సరిగా మూసి లేవు. బయటి నీరు వాటినే దారి చేసుకుని టర్బైన్ భవనంలోకి దిగింది. 16వ తేదీ పొద్దున షిఫ్టుకు వచ్చిన కార్మికులు ఛాతీ లోతు నీళ్లలో నడవాల్సి వచ్చింది. ఎమర్జెన్సీ ప్రకటించి చాలామందిని బయటికి పంపేశారు. చివరికి చుట్టుపక్కల పల్లెల జనం చెరువు గట్టుకు గండి కొట్టాక నీటిమట్టం తగ్గింది. కోట్ల రూపాయల యంత్రాంగం చేయలేకపోయిన పనిని గడ్డపారలు చేశాయి.

ఆ రోజు ఒకటో యూనిట్ నడవడం లేదు. నెలల తరబడి ఆపి ఉంచారు. అదే అదృష్టం. అణు రియాక్టర్‌ను ఆపేయగానే అది చల్లారదు. పొయ్యి ఆర్పినా పెనం వేడిగా ఉన్నట్టు, ఇంధనంలో పుట్టిన రేడియోధార్మిక పదార్థాలు విచ్ఛిన్నమవుతూ వేడిని విడుస్తూనే ఉంటాయి. ఆపిన క్షణంలో ఆ వేడి పూర్తి శక్తిలో ఆరేడు శాతం. రోజు గడిచేసరికి ఒక శాతం లోపుకు దిగుతుంది, ఆపైన నెమ్మదిగా తగ్గుతుంది. నెలల పాటు ఆగి ఉన్న రియాక్టర్‌లో మిగిలే వేడి కొద్దిపాటిదే. అదే పూర్తి శక్తితో నడుస్తుండగా పంపులు, కరెంటు సరఫరా నీటమునిగితే? ఆ ప్రశ్నకు జవాబు 17 ఏళ్ల తర్వాత జపాన్‌లో దొరికింది. 2011 మార్చి 11న ఫుకుషిమా దాయిచి కేంద్రంలో రియాక్టర్లు భూకంపం రాగానే సక్రమంగానే ఆగిపోయాయి. తర్వాత వచ్చిన సునామీ నీరు కింది అంతస్తుల్లోని డీజిల్ జనరేటర్లను ముంచింది. చల్లబరిచే దిక్కు లేక మూడు రియాక్టర్లలో ఇంధనం కరిగింది. నీరు కేంద్రంలోకి వస్తే ఏమవుతుందో అప్పుడు ప్రపంచమంతా చర్చించింది. ఫ్రాన్స్‌లో 1999 డిసెంబరు తుఫానుకు బ్లయే కేంద్రం మునిగిన సంగతిని కూడా తవ్వి తీశారు. మోటిచేర్ చెరువు పేరు మాత్రం ఎక్కడో మూలన, అణు విధానాన్ని విమర్శించే కొద్దిమంది రాతల్లోనే కనిపించింది.

ఆ కొద్దిమందికి కూడా సంగతి తెలిసిందంటే కారణం మనోజ్ మిశ్రా. కేంద్రంలో చిన్న స్థాయి ఉద్యోగి, కార్మిక సంఘం నాయకుడు. జూన్ నెల తిరక్కుండానే వరద గురించి 'గుజరాత్ సమాచార్' దినపత్రికకు ఉత్తరం రాశాడు. నీరు ఎలా వచ్చింది, గేట్ల పరిస్థితేమిటి, రియాక్టర్ నడుస్తూ ఉంటే ఏమయ్యేది అన్నది అందులోని సారాంశం. పత్రిక అచ్చువేసింది.

యాజమాన్యం అతన్ని సస్పెండ్ చేసింది. అనుమతి లేకుండా పత్రికకు సమాచారం ఇచ్చాడని, జనంలో భయాందోళనలు రేపాడని అభియోగం. విచారణ జరిపి ఉద్యోగం నుంచి తీసేశారు. అతను పరిపాలనా ట్రిబ్యునల్‌కు వెళ్లాడు, గుజరాత్ హైకోర్టుకు వెళ్లాడు, చివరికి సుప్రీంకోర్టుకు వెళ్లాడు. 2013 ఏప్రిల్ 9న జస్టిస్ నిజ్జర్, జస్టిస్ ఇక్బాల్ ధర్మాసనం తీర్పు చెప్పింది. అతన్ని ప్రజాహితం కోసం లోపాలు బయటపెట్టినవాడిగా గుర్తించలేమంది. అతను ఇంజనీరు కాడు, అణు కేంద్రాల నిపుణుడు కాడు, చదువు పన్నెండో తరగతి, లోపల పనిచేసేవాడు కావడం తప్ప వేరే అర్హత లేదు, ఉద్దేశం కూడా ప్రధానంగా ప్రజాహితమని చెప్పలేం. తీర్పులో తర్కం ఈ దారిన నడిచింది. ఉత్తరం రాసిన 19 ఏళ్లకు కేసు ముగిసింది. ఉద్యోగం తిరిగి రాలేదు.

తీర్పును గౌరవించాల్సిందే. కానీ ఈ తర్కంలో ఒక మాట నాకు మింగుడుపడదు. చెరువు గేటు తెరుచుకోలేదని తెలుసుకోవడానికి అణు భౌతికశాస్త్రం అక్కర్లేదు. నీరు ఛాతీ దాకా వచ్చిందని చెప్పడానికి పన్నెండో తరగతి కూడా ఎక్కువే. అసలు అలాంటి సంగతులు మొదట కనబడేది పొద్దున షిఫ్టుకు వచ్చి నీళ్లలో దిగినవాడికే. నిపుణుడి దగ్గరికి అవి ఫైలు రూపంలో చేరతాయి, చేరితే. 1962 నాటి అణుశక్తి చట్టం 18వ సెక్షన్ సమాచారాన్ని బయటపెట్టకుండా ఆపే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చింది. బాంబు రహస్యాల కోసం రాసిన మాటల నీడ చెరువు గేటు మీద కూడా పడింది. ఆ తీర్పు వచ్చిన మరుసటి ఏడాది, 2014లో, లోపాలు బయటపెట్టే ఇలాంటివాళ్లను కాపాడటానికంటూ పార్లమెంటు ఒక చట్టం చేసింది. రాష్ట్రపతి సంతకం కూడా అయింది. దాన్ని అమల్లోకి తెచ్చే నోటిఫికేషన్ మాత్రం ఏళ్లు గడిచినా రాలేదు.

ఇప్పుడు ప్లేగు పక్కన ఈ వరదను పెట్టి చూడండి. ప్లేగు అందరి కళ్లముందు జరిగింది. దేశదేశాల కెమెరాలు వచ్చాయి, విమానాలు ఆగాయి, సూరత్ పరువు పోయింది. దాంతో నగరం మారక తప్పలేదు. 1995లో మునిసిపల్ కమిషనర్‌గా వచ్చిన సూర్యదేవర రామచంద్రరావు అధికారులను ఏసీ గదుల నుంచి వీధుల్లోకి నడిపించి చెత్త ఎత్తించాడు, ఆక్రమణలు కొట్టించాడు, హోటళ్లకు తాళాలు వేయించాడు. 1996లో వారసత్వ పరిరక్షణ సంస్థ ఇన్‌టాక్ దేశంలో శుభ్రమైన నగరాల్లో చండీగఢ్ తర్వాత సూరత్ అని ప్రకటించింది. ప్లేగు మిగిల్చిన ఫలితం నేటికీ సూరత్ వీధుల్లో కనబడుతుంది. వరద నుంచి కూడా పాఠాలు నేర్చుకున్నారు, కాదనను. కేంద్రంలో లోపాలు సరిదిద్దారు. అయితే ఆ సరిదిద్దడమంతా ప్రహరీ గోడ లోపలే జరిగింది. గోడ బయట మిగిలింది ఒక మనిషి ఉద్యోగం పోవడం, మిగతావాళ్లు దాన్ని చూసి నోరు కట్టుకోవడం.

అణు ప్రమాదం తర్వాత మిగిలేవి ఏమిటంటే జనం సాధారణంగా క్యాన్సర్, పుట్టుకలోపాలు అంటారు. అవి నిజమే. కానీ వాటిలోనూ ఎంత భాగం రేడియేషన్ పని, ఎంత భాగం మౌనం పని అన్నది విడదీసి చూడాలి. చెర్నోబిల్‌నే తీసుకోండి. 1986 ఏప్రిల్ 26 తెల్లవారుజామున రియాక్టర్ పేలింది. కూతవేటు దూరంలోని ప్రిప్యత్ పట్టణంలో 49,000 మంది. వాళ్లను బస్సులెక్కించింది దాదాపు 36 గంటల తర్వాత. సోవియట్ ప్రభుత్వం బయటి ప్రపంచానికి నోరు విప్పింది 28వ తేదీ సాయంత్రం, అదీ స్వీడన్‌లోని ఫోర్స్‌మార్క్ కేంద్రంలో ఉద్యోగుల బూట్లకు అంటిన రేడియోధార్మికత పట్టుబడ్డాక. పేలుడులో వెలువడిన అయోడిన్-131 గడ్డి మీద పడింది, ఆవులు మేశాయి, పాలలోకి వచ్చింది, పిల్లలు తాగారు. ఆ అయోడిన్ ఎనిమిది రోజులకు సగం అవుతుంది. రెండు మూడు నెలలకు జాడ ఉండదు. ఆ కొద్దివారాలు పాలు తాగొద్దని ప్రతి ఊరికీ వెంటనే చెప్పి, అయోడిన్ మాత్రలు పంచి ఉంటే సరిపోయేది. బెలారూస్, ఉక్రెయిన్, రష్యాలలో అప్పుడు పిల్లలుగా ఉన్నవాళ్లలో తర్వాతి ఇరవై ఏళ్లలో ఆరు వేలకు పైగా థైరాయిడ్ క్యాన్సర్లు బయటపడ్డాయి. వాటిలో పెద్ద భాగం ఆ పాల వల్లే వచ్చిందని ఐక్యరాజ్యసమితి శాస్త్రీయ సంఘం లెక్కగట్టింది. పొలాల్లో, అడవుల్లో మిగిలిన సీజియం-137 సంగతి వేరు. అది సగం కావడానికే ముప్ఫై ఏళ్లు. దాన్ని ఎవరూ ఆపలేరు. పాలను ఆపగలిగేవాళ్లు.

ఫుకుషిమాలోనూ ఈ కథ మరో రూపంలో నడిచింది. కేంద్రానికి వాయవ్యంగా, 30 నుంచి 45 కిలోమీటర్ల దూరంలో ఈతాతే అనే పల్లె ఉంది. ఆరు వేల జనాభా. సర్కారు గీసిన 20 కిలోమీటర్ల ఖాళీ వలయానికి అది బయట. కాబట్టి మొదట్లో అక్కడికి సమీప ఊళ్ల నుంచి జనం తలదాచుకోవడానికి కూడా వచ్చారు. గాలి అటు తిరిగింది, వానా మంచూ కలిసి రేడియోధార్మికతను ఆ పల్లె మీదే దించాయి. గాలి ఎటు పోతుందో లెక్కగట్టే కంప్యూటర్ వ్యవస్థ ప్రభుత్వం దగ్గర ఉంది. దాని లెక్కలు జనానికి సమయానికి చేరలేదు. ఊరు ఖాళీ చేయమని ఆదేశం వచ్చింది ఏప్రిల్‌లో. ఊరిలో ఎక్కువ భాగానికి ఆ ఆదేశం ఎత్తేసింది 2017 మార్చి ఆఖరున. ఆరేళ్లు పాడుబడ్డ ఊరికి యువకులు తిరిగిరారు. ఫుకుషిమా జిల్లాలో రేడియేషన్ కంటే తరలింపు కష్టాల వల్ల, ఆస్పత్రుల నుంచి లేపి బస్సుల్లో తిప్పడం వల్ల, దిగులు వల్ల పోయినవాళ్లే ఎక్కువ. విపత్తు సంబంధిత మరణాలుగా నమోదైనవే 2,300 దాటాయి. కరిగిన ఇంధనం సుమారు 880 టన్నులు ఇంకా అక్కడే ఉంది. 2024 నవంబరులో మొదటిసారి చిటికెడు ముక్క బయటికి తీశారు.

ఈతాతే దూరాన్ని మన పటం మీద పెట్టాలనిపిస్తుంది. భారత్‌లో అణు కేంద్రం చుట్టూ వలయాలు గీస్తారు. కాక్రాపార్ లాంటి పాత కేంద్రాల్లో మొదటి వలయం 1.6 కిలోమీటర్లు, అందులో ఎవరూ నివసించకూడదు. 5 కిలోమీటర్ల దాకా జనాభా పెరగకుండా చూడాలి. 16 కిలోమీటర్ల దాకా అత్యవసర ప్రణాళిక ఉండాలి, మాక్ డ్రిల్లులు జరగాలి. వ్యారా పట్టణం ఆ అంచున పడుతుంది. మన నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఆ వలయంలోకి దూరి బయటికి వస్తుంది. డిండోలికి ఆ ప్రణాళికతో సంబంధం లేదు. వానాకాలం గాలి సముద్రం మీంచి తూర్పుకు వీస్తుంది గనక 1994 జూన్‌లో ఏదైనా జరిగి ఉన్నా అది సూరత్ వైపు రావడం కష్టం. చలికాలంలో ఈశాన్యం నుంచి వీచే గాలికి ఆ మొహమాటం లేదు. సూరత్‌కు తాగునీరిచ్చే తాపీ నది మాత్రం ఏ కాలంలోనైనా కాక్రాపార్ ఆనకట్ట మీదుగానే నగరానికి దిగుతుంది.

ఈ సంగతులు గుజరాతీలకు చెప్పే ప్రయత్నం జరగలేదని కాదు. కాక్రాపార్‌కు దగ్గర్లోని వేడ్‌ఛీలో గాంధీగారి కార్యదర్శి మహదేవ్ దేశాయ్ కొడుకు నారాయణ్ దేశాయ్ సంపూర్ణ క్రాంతి విద్యాలయం నడిపాడు. ఆయన కూతురు సంఘమిత్ర వైద్యురాలు, అల్లుడు సురేంద్ర గాడేకర్ భౌతికశాస్త్రవేత్త. చెర్నోబిల్ జరిగిన మరుసటి ఏడు ఇద్దరూ కలిసి 'అణుముక్తి' పత్రిక మొదలుపెట్టారు. 1991లో రాజస్థాన్‌లోని రావత్‌భాటా కేంద్రం చుట్టుపక్కల పల్లెల్లో ఇంటింటికీ తిరిగి ఆరోగ్య సర్వే చేశారు. పుట్టుకలోపాలు దూరపు పల్లెల కంటే ఎక్కువగా కనిపించాయని రాశారు, అణుశక్తి శాఖ ఒప్పుకోలేదు. సర్వే పద్ధతి మీద వాదించవచ్చు. కానీ ఇద్దరు మనుషులు సొంత ఖర్చుతో చేసినదాన్ని కొట్టిపారేయడం తేలిక, అంతకంటే పెద్ద సర్వే చేసి లెక్కలు జనం ముందు పెట్టడం కష్టం. శాఖ తేలికైన దారి ఎంచుకుంది. వేడ్‌ఛీ మాట ఆదివాసీ పల్లెల్లో వినబడింది. సూరత్ మగ్గాల మోతలో, అందులోనూ గుజరాతీ చదవని మన బస్తీల్లో, వినబడలేదు.

మళ్లీ కాక్రాపార్‌కు వస్తే, 2004 మార్చి 10న ఒకటో యూనిట్‌లో శక్తిని అదుపుచేసే వ్యవస్థకు కరెంటు అందక రియాక్టర్ శక్తి తనంతట తాను పెరిగిన ఘటన జరిగింది. దాన్ని అణు ఘటనల తీవ్రతను కొలిచే అంతర్జాతీయ కొలబద్ద మీద రెండో స్థాయిగా నమోదు చేశారు. దానికి పన్నెండేళ్ల తర్వాత, 2016 మార్చి 11 శుక్రవారం పొద్దున, ఫుకుషిమాకు సరిగ్గా ఐదేళ్లు నిండిన రోజున, అదే ఒకటో యూనిట్‌లో భారజలం లీకైంది. రియాక్టర్ దానంతటదే ఆగింది, అత్యవసర శీతలీకరణ మొదలైంది, ప్లాంట్ ఎమర్జెన్సీ ప్రకటించారు. లీకైన గొట్టాన్ని కనిపెట్టి, ఇంధనం తీసి, బిరడా వేసి, ఎమర్జెన్సీ ఎత్తేయడానికి దాదాపు పది రోజులు పట్టింది. బయటికి పరిమితిని మించి రేడియోధార్మికత రాలేదని అధికారులు చెప్పారు, ఉద్యోగులెవరికీ హాని జరగలేదన్నారు. ఈసారి అణుశక్తి నియంత్రణ మండలి ప్రకటనలు విడుదల చేసింది, పత్రికలు రాశాయి. 1994తో పోలిస్తే అది ముందడుగే. వ్యవస్థలు పనిచేయాల్సిన తీరులో పనిచేశాయన్నది కూడా ఒప్పుకోవాలి.

అసలు కథ తర్వాత మొదలైంది. ఆ రియాక్టర్‌లో 306 గొట్టాలున్నాయి, ఒక్కోదానిలో 12 ఇంధన కట్టలు. గొట్టం జిర్కోనియం, నియోబియం కలిపిన లోహం. హైదరాబాద్‌లో పోత పోసి, సాగదీసి, పరీక్షించి పంపినవి. 2008లో రియాక్టర్‌ను ఆపి పాత గొట్టాలన్నీ తీసేసి ఇవి బిగించి 2011లో తిరిగి నడిపారు. అంటే పగిలిన గొట్టం వయసు ఐదేళ్లు. దశాబ్దాలు రావాల్సింది. బయటికి తీసి చూస్తే దాని పైతలం మీద అమ్మవారు పోసినట్టు మచ్చలు. లోపల వేడి భారజలం పారే వైపు కాదు, బయటి వైపు. ఆరా తీస్తే అంతకుముందు 2015 జూలైలో లీకైన రెండో యూనిట్ గొట్టాల మీదా అవే మచ్చలు. దేశంలోని మిగతా కేంద్రాల్లో అదే హైదరాబాద్ గొట్టాలు శుభ్రంగా ఉన్నాయి.

గొట్టానికీ దాన్ని చుట్టి ఉండే ఇంకో గొట్టానికీ మధ్య సన్నటి ఖాళీ ఉంటుంది. అందులో కార్బన్ డయాక్సైడ్ తిప్పుతారు. ఒక పని, వేడి బయటి వైపు పోకుండా అడ్డుపడటం. ఇంకో పని, కాపలా. గొట్టంలోంచి ఒక్క బొట్టు ఊరినా ఆ వాయువులో తేమ పెరిగి పట్టుబడుతుంది. కాక్రాపార్‌కు వచ్చిన ఆ వాయువులో హైడ్రోకార్బన్ల కల్తీ ఉందని, రేడియేషన్ సమక్షంలో అది గొట్టాన్ని మచ్చలు మచ్చలుగా తినేసిందని చివరికి తేలింది. కాపలా పెట్టినవాడే కన్నం వేశాడు. సిలిండర్లలో కొనితెచ్చే మామూలు వాయువు శుద్ధి మీద నిఘా సరిపోకపోవడం వల్ల రెండు రియాక్టర్ల గొట్టాలు పాడయ్యాయి. ఎంత పెద్ద యంత్రమైనా ఎంత చిన్న సరుకు దగ్గర తడబడుతుందో చూడండి.

రెండు యూనిట్లలోనూ గొట్టాలన్నీ మళ్లీ మార్చారు. రెండోది 2018 సెప్టెంబరులో, ఒకటోది 2019 మేలో తిరిగి నడిచాయి. ఆ మూడేళ్లు వాటి కరెంటు లేదు. గొట్టాల మార్పిడి మనుషులు రియాక్టర్ ముఖం దగ్గర నిలబడి చేసే పని. జేబుకు రేడియేషన్ మోతాదు కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జి, చేతికి గడియారం లెక్క, మోతాదు నిండగానే ఇంకొకడు. ఒకటో యూనిట్‌లో ఆ పని పదకొండేళ్లలో రెండుసార్లు జరిగింది. తీసేసిన గొట్టాలు హైదరాబాద్‌కు తిరిగి రావు. లోపల ఉన్నన్నాళ్లూ న్యూట్రాన్లు తగిలి వాటిలోని నియోబియంలో కొంత నియోబియం-94గా మారింది. అది సగం కావడానికి ఇరవై వేల ఏళ్లు. కేంద్రం ఆవరణలోని ఘనవ్యర్థాల స్థలంలో వాటిని ఉంచుతారు. పరిమితి దాటి ఏమీ బయటికి రాలేదన్న మాట నిజమే కావచ్చు. ఆ శుక్రవారం మిగిల్చినది మాత్రం తాపీ ఒడ్డున మన లెక్కకు అందనంత కాలం ఉంటుంది.

ఇదే 2016లో ఇంకో నిర్ణయం జరిగింది, దాన్ని ఆంధ్రదేశంలో చాలామంది గుజరాత్‌తో కలిపి చూడలేదు. భావ్‌నగర్ జిల్లా మిఠీవిర్డిలో అమెరికా వెస్టింగ్‌హౌస్ సంస్థవి ఆరు భారీ రియాక్టర్లు పెట్టాలన్నది పథకం. మామిడితోటల రైతులు ఏళ్ల తరబడి అడ్డం నిలబడ్డారు, భూమి దొరకలేదు. దాంతో ఆ రియాక్టర్లను శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలం కొవ్వాడకు మళ్లించారు. గుజరాత్ రైతు వద్దన్నది శ్రీకాకుళం మత్స్యకారుడి గుమ్మంలోకి వచ్చింది. కేంద్ర విద్యుత్ శాఖ కార్యదర్శిగా పనిచేసిన ఈ.ఏ.ఎస్. శర్మ వంటివారు అప్పటి నుంచీ లేఖల మీద లేఖలు రాస్తున్నారు. ఆయన నిపుణుడు కాడని ఏ కోర్టూ అనలేదు. అయినా జవాబులు పెద్దగా వచ్చినట్టు లేదు. 2017లో వెస్టింగ్‌హౌస్ దివాలా పిటిషన్ వేసింది, ఆపైన చేతులు మారింది, కొవ్వాడ పథకం కాగితం మీదే సాగుతూ వచ్చింది.

కాక్రాపార్‌లో మాత్రం పని ఆగలేదు. 700 మెగావాట్ల మూడో యూనిట్ 2023 జూన్ 30న, నాలుగోది 2024 మార్చి 31న వాణిజ్య ఉత్పత్తి మొదలుపెట్టాయి. దేశంలో ఆ పరిమాణంలో సొంతంగా కట్టిన మొదటి రియాక్టర్లు అవే. వాటి గొట్టాలూ హైదరాబాద్‌వే. ప్లాంటు చుట్టూ 16 కిలోమీటర్ల పల్లెలకు పంచే సూచనలు గుజరాతీలో ఉంటాయి. ఆ గీత అవతల ఉన్న డిండోలిలో తెలుగు, మరాఠీ, ఒడియా, హిందీ మాట్లాడే జనానికి ఏ భాషలో ఏం చెప్పాలన్న ప్రశ్న ఏ ప్రణాళికలోనూ లేదు, ఎందుకంటే డిండోలే అందులో లేదు. సూరత్ కార్పొరేషన్‌కు తెలుగు మాధ్యమం బడులున్నాయి. ఒక కరపత్రం తెలుగులో రాయించడం అంత కష్టమైన పని కాదు.

(వచ్చే వారం: 2006 ఆగస్టు. ఉకాయ్ గేట్లు ఎత్తిన రాత్రి)